కడుపుకు పడనివన్నీ మానేస్తూ పోతే చివరికి మిగిలేదేంటి?

గ్యాస్, ఉబ్బరం, ఒకరోజు నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి పరిగెత్తడం, తర్వాత రెండు రోజులు అసలు కదలికే లేకపోవడం. ఇలాంటి కడుపుతో ఏళ్లుగా నెట్టుకొస్తున్న ఎవరినైనా అడగండి, తమకు పడనివాటి జాబితా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. మొదట బయటి తిండి మానేస్తారు, తర్వాత పాలు, ఆ తర్వాత వంకాయ, గోంగూర, కందిపప్పు, ఎవరో చెప్పారని గోధుమ, ఏదో వీడియో చూసి ఆఖరికి అన్నం కూడా. ఒకసారి ఆ జాబితాలోకి వెళ్లింది మళ్లీ కంచంలోకి రావడం చాలా అరుదు. మనంతట మనం చదువుకుని, గమనించుకుని, తిండితో కడుపును దారిలో పెట్టుకోవాలనుకోవడంలో తప్పేం లేదు, నిజానికి కొన్ని జబ్బుల్లో అది బాగా పనిచేస్తుంది కూడా. కాకపోతే మానేయడం సగం పనే. మానేసినదాన్ని ఒక పద్ధతిలో వెనక్కి తెచ్చుకుని చూడటం మిగతా సగం, దాని జోలికి దాదాపు ఎవరూ వెళ్లరు.

ముందు జబ్బు పేరు తెలియాలి

"కడుపులో బాగుండట్లేదు" అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని జబ్బులు అరడజను ఉంటాయి. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్)లో పేగు పైకి మామూలుగానే ఉంటుంది, గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో ఏమీ కనపడదు, తేడా అంతా పేగు కదలికల్లో, దాని నరాలు మెదడుకు చేరవేసే కబుర్లలో ఉంటుంది. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్‌లలో పేగు గోడ నిజంగానే వాచి పుండ్లు పడుతుంది. సీలియాక్‌లో గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ తగలగానే శరీరం తన పేగు మీద తానే దాడి చేసుకుంటుంది. మన దేశంలో వీటికి తోడు పేగు టీబీ ఒకటి. చిన్నపేగు చివరి భాగంలో వచ్చినప్పుడు అది అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది, బయాప్సీ తీసినా తేల్చలేక డాక్టర్లే తల పట్టుకునే సందర్భాలుంటాయి, పొరపాటున క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ ఇంకా ముదురుతుంది. ఇంత వ్యవహారం ఉన్నచోట "రెండు నెలలు జొన్న రొట్టె తిని చూస్తా" అంటే ఆ రెండు నెలలూ జబ్బుకు ఇచ్చినట్టే.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలో నుంచి లేపేసే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, నలభై ఐదు దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ లేదా క్రోన్స్ లాంటివి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తిండి ప్రయోగాలు పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఇందులో బేరాల్లేవు. ఇవేవీ లేకపోయినా ఒక రక్తపరీక్ష, థైరాయిడ్, సీలియాక్ యాంటీబాడీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయించుకుంటే మంచిది. పేగులో వాపు ఉంటే కాల్‌ప్రొటెక్టిన్ పెరుగుతుంది, ఐబీఎస్‌లో సాధారణంగా పెరగదు, కాబట్టి కొలనోస్కోపీ కావాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి అది చాలా పనికొస్తుంది. ఐబీఎస్ అన్నది కూడా "ఏమీ దొరకలేదు కాబట్టి ఇదే" అని వేసే ముద్ర కాదు. ఇలాంటి జబ్బుల్ని గుర్తించడానికి నిపుణులు 2016లో తెచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి, అది మలవిసర్జన, మోషన్ ఎన్నిసార్లు అవుతోందన్నదాంట్లో మార్పు, ఎలా అవుతోందన్నదాంట్లో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండింటితో ముడిపడి ఉండాలి, లక్షణాలు మొదలై కనీసం 6 నెలలు అయ్యుండాలి. నొప్పే లేకుండా వట్టి ఉబ్బరం ఉంటే అది ఐబీఎస్ కిందికి రాదు.

సీలియాక్ పరీక్షతో ఒక మెలిక ఉంది. గోధుమ తింటున్నప్పుడే ఆ యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయి. ముందే మానేసి, ఒంట్లో కాస్త బాగుందనుకుని, అప్పుడు పరీక్షకు వెళ్తే నెగెటివ్ రావచ్చు, మళ్లీ తేల్చాలంటే వారాల తరబడి గోధుమ తిని వెళ్లాల్సి వస్తుంది. అలాగని మనవాళ్లు దీనికి మరీ టెన్షన్ పడక్కర్లేదు, 2016లో ప్రచురితమైన అధ్యయనంలో ఈ యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో మాత్రమే కనిపించాయి. జన్యువుల్లో ఉత్తరానికీ దక్షిణానికీ పెద్ద తేడా లేదు, గోధుమ తినే మోతాదులోనే తేడా. ఇప్పుడు షుగర్ భయంతో ఇంటింటా రాత్రిపూట అన్నం పోయి చపాతీ వచ్చింది కాబట్టి ఆ లెక్క ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోలేం.

తిండి మానడంతో నయం కాని జబ్బులు ఉంటాయనడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు కుర్రతనంలో స్ప్రూ వచ్చింది, ఆయన సోదరులను పొట్టనపెట్టుకున్న జబ్బు అదే. ఆగని విరేచనాలు, ఏం తిన్నా ఒంటికి పట్టకపోవడం. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపించిన పరిశోధనల నుంచే వచ్చింది. ఇవాళ్టికీ ఉష్ణమండల స్ప్రూకు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కోర్సే. ఆ రోగి ఏ కూర మానేసినా ఆ జబ్బు తగ్గేది కాదు, ఎందుకంటే దానికి కావాల్సింది ఆ విటమిన్, యాంటీబయాటిక్.

ఉల్లి, వెల్లుల్లి, పప్పు: అసలు లోపల ఏం జరుగుతుంది

ఐబీఎస్ అని తేలిందనుకుందాం. ఇక్కడ తిండికి నిజంగానే పని ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 2005లో ఫాడ్‌మ్యాప్ అనే పేరు పెట్టారు. చిన్నపేగులో సరిగ్గా జీర్ణం కాని, పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టే కొన్ని రకాల చక్కెరలన్నిటికీ కలిపి పెట్టిన పేరది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు ఉంటాయి, పప్పులు, శనగలు, బొబ్బర్లలో గెలాక్టాన్లు, పాలల్లో లాక్టోజ్, మామిడిపండు, తేనెల్లో గ్లూకోజ్‌ను మించి ఉండే ఫ్రక్టోజ్, కాలీఫ్లవర్, పుట్టగొడుగుల్లో మానిటాల్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో సార్బిటాల్. వీటిలో కొన్ని పేగులోకి నీటిని లాగుతాయి, ఇంకొన్ని పెద్దపేగుకు చేరి హైడ్రోజన్, మీథేన్‌లుగా మారతాయి.

ఒక ముఖ్యమైన సంగతి చాలామందికి తెలియదు. ఫ్రక్టాన్లను, పప్పులోని గెలాక్టాన్లను విడగొట్టే ఎంజైమ్ ఏ మనిషికీ లేదు. పప్పు తింటే అందరికీ గ్యాస్ వస్తుంది. ఎమ్మారై తీసి చూసిన అధ్యయనాల్లో ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగులో తయారైన గ్యాస్ ఆరోగ్యవంతులతో పోలిస్తే ఏమంత ఎక్కువ కాదు, అదే గ్యాస్‌కు వాళ్ల పేగు సాగినప్పుడు నొప్పి ఎక్కువ తెలుస్తోంది. అంటే ఉల్లిపాయ విషమూ కాదు, మీకు దాని మీద అలర్జీ కూడా లేదు. ఇది అర్థమైతే "ఒక్క ముక్క పడినా అయిపోయాను" అనే భయం తగ్గుతుంది, ఎందుకంటే ఇక్కడ లెక్క మోతాదుది.

ఈ ఫాడ్‌మ్యాప్ పట్టికలు మన వంటింటి కోసం రాసినవి కావు కాబట్టి వాటిని కాస్త మన పద్ధతిలోకి మార్చుకోవాలి. అన్నం చాలా తేలిక, ఈ విషయంలో మనం అదృష్టవంతులం. వేరుశనగలు ఫర్వాలేదు, జీడిపప్పు కష్టం. వంకాయను అనవసరంగా ఆడిపోసుకుంటాం గానీ ఫాడ్‌మ్యాప్ పరంగా అది తక్కువలోకే వస్తుంది, గుత్తివంకాయ తిన్నాక ఉబ్బరం వస్తే వంకాయ కంటే ముందు ఆ మసాలా ముద్దలోని ఉల్లి, వెల్లుల్లి, జీడిపప్పు, పైన తేలే నూనెను అనుమానించాలి. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, తీసేసి, ఆ నూనెతో తాలింపు వేసుకుంటే ఘుమఘుమ మిగులుతుంది, ఫ్రక్టాన్ రాదు. అదే రెబ్బలను చారులో మరిగిస్తే ఆ చక్కెర మొత్తం చారులోకి దిగుతుంది, తర్వాత రెబ్బలను ఏరి పక్కన పెట్టినా లాభం లేదు. పప్పు సంగతి కూడా ఇంతే, గెలాక్టాన్లు నీళ్లలోకి దిగుతాయి కాబట్టి నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత మేలు, "పప్పు బరువు, కట్టు తేలిక" అని పప్పు ఉడికిన నీళ్లతో చారు పెట్టుకుంటే మాత్రం సమస్య ఆ చారులోనే ఉండొచ్చు. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు. ఇంగువ రుచికి బాగానే ఆదుకుంటుంది, కాకపోతే షాపుల్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది, సీలియాక్ ఉన్నవాళ్లు డబ్బా వెనక చదవకుండా కొనకూడదు.

పాలు పడనివాళ్లు పెరుగు, మజ్జిగ కూడా మానేస్తుంటారు, చాలామందికి ఆ అవసరం లేదు. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తనే అరగదీస్తుంది. లాక్టోజ్ సరిగ్గా అరగనివాళ్లలో కూడా చాలామంది ఒక గ్లాసు పాలను, అంటే సుమారు 12 గ్రాముల లాక్టోజ్‌ను, పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు.

ఇంకోటి, కారం. పచ్చిమిర్చిలోని కాప్సైసిన్‌కు ఫాడ్‌మ్యాప్‌తో సంబంధమే లేదు, అది నేరుగా పేగులోని నొప్పి నరాలను తాకుతుంది. ఎవరో ఆస్ట్రేలియా పట్టిక చూసి ఉల్లిపాయ మానేసి గొడ్డుకారం వేసుకుని తింటూ "ఈ డైట్ పనిచేయలేదు" అంటే ఆ పట్టిక ఏం చేస్తుంది పాపం.

నిజం చెప్పాలంటే ఇంత కట్టుదిట్టంగా మొదలుపెట్టాల్సిన పని కూడా అందరికీ లేదు. 2015లో స్వీడన్‌లో 75 మంది ఐబీఎస్ రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఫాడ్‌మ్యాప్ డైట్ (అంటే ఈ చక్కెరలు తగ్గించిన తిండి), రెండో గుంపుకు పాతకాలపు సలహాలు ఇచ్చి చూశారు. అంటే వేళకు తినడం, ఒకేసారి పొట్టపగిలేలా తినకపోవడం, కాఫీ, నూనె, కారం తగ్గించడం, నమిలి తినడం. రెండు గుంపుల్లోనూ దాదాపు సగం మందికి మేలు జరిగింది. మధ్యాహ్నం రెండున్నరకు తిని, రాత్రి పదిన్నరకు మళ్లీ తిని, మధ్యలో నాలుగు టీలు తాగే మనిషి ఉల్లిపాయ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పీచు విషయంలో కూడా తేడా ఉంది, ఇసబ్‌గోల్ లాంటి నీళ్లలో ఉబ్బే పీచు ఐబీఎస్‌కు మేలు చేస్తుంది, గోధుమ పొట్టు లాంటి బరక పీచు చేయదు, కొందరికి ఎక్కువ కూడా చేస్తుంది. "ఫైబర్ తినండి" అన్న సలహాలో ఈ ముక్క ఎప్పుడూ ఎగిరిపోతుంది.

నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి

తిన్న అరగంటకు కడుపు గడబిడ అయితే ఆ తిన్నదాన్నే తిడతాం. కానీ అన్నం చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరడానికి గంటలు పడుతుంది. పొట్టలోకి ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, ఇది అందరి ఒంట్లోనూ ఉండే ప్రతిస్పందనే, ఐబీఎస్‌లో కాస్త తీవ్రంగా ఉంటుంది. అంటే పొద్దున ఇడ్లీ తినగానే వచ్చిన నొప్పికి కారణం నిన్న రాత్రి తిన్న చోలే కావచ్చు, ఇడ్లీ చేసిందల్లా పెద్దపేగును కదిలించడమే. కాబట్టి డైరీ రాసేవాళ్లు ముందు ఒక్క పూటవి కాదు, ముందు రోజంతా తిన్నవి చూసుకోవాలి, నిద్ర, నెలసరి, ఆఫీసు టెన్షన్, వేసుకున్న మాత్రలు కూడా రాయాలి.

మాత్రలంటే గుర్తొచ్చింది. షుగర్ తేలిన వారమే మెట్‌ఫార్మిన్ మొదలవుతుంది, అదే వారం రాత్రి చపాతీ కూడా మొదలవుతుంది. ఉబ్బరం, విరేచనాలు వస్తే చపాతీ దోషి అంటారు. మెట్‌ఫార్మిన్‌కు బాగా తెలిసిన సైడ్ ఎఫెక్టే అది, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చితే చాలామందికి సర్దుకుంటుంది, డాక్టర్‌ను ఒక్క మాట అడిగితే తేలిపోయే విషయం. ఐరన్ మాత్రలతో మలబద్ధకం కూడా ఇలాంటిదే.

ఇక "మానేశాను, తగ్గింది" అన్న సాక్ష్యం ఎంత బలహీనమో చూడండి. ఈ జబ్బులు వాటంతటవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మనం డైట్ ఎప్పుడు మార్చుతాం? భరించలేనంత ఉన్నప్పుడు. దాని తర్వాత ఏం చేసినా, ఏం చేయకపోయినా కొంత తగ్గే అవకాశం ఎక్కువ. 2010లో హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్చుక్ బృందం 80 మంది ఐబీఎస్ రోగులతో ఒక ప్రయోగం చేసింది, సగం మందికి "ఇందులో మందు లేదు" అని ముఖం మీద చెప్పి మరీ ఉత్తుత్తి మాత్రలు ఇచ్చింది. 3 వారాల్లో వాళ్లలో 59 శాతం మందికి తగినంత ఉపశమనం వచ్చింది, మాత్రలు ఇవ్వనివాళ్లలో 35 శాతానికే. యూట్యూబ్‌లో ఎవరైనా "నాకు నయమైంది" అన్నప్పుడు ఆ 35 శాతాన్ని, 59 శాతాన్ని గుర్తుచేసుకుంటే చాలు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే తగ్గింది, ఎందుకు తగ్గిందో వాళ్లకూ తెలియదు.

భయం ఎదురుదిశలో కూడా పనిచేస్తుంది. 2013లో మోనాష్ వాళ్లే, గ్లూటెన్ పడదని నమ్మే సీలియాక్ లేని 37 మందికి ముందు ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించి, తర్వాత ఏది ఏదో చెప్పకుండా ఒక్కో వారం ఒక్కోటి పెట్టారు. ఎక్కువ గ్లూటెన్ తిన్నప్పుడు, తక్కువ తిన్నప్పుడు, అసలు లేనప్పుడు, మూడుసార్లూ వాళ్లకు ఒకేలా ఎక్కువైంది. తర్వాత 2018లో నార్వే పరిశోధకులు 59 మందితో చేసిన అధ్యయనంలో అలాంటివాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అని తేలింది. చపాతీ మానేస్తే హాయిగా ఉందనే మన తెలుగువాళ్లలో చాలామంది కథ ఇదే అయ్యుంటుందని నా అనుమానం. ఒకవేళ అదే అయితే ఒక చపాతీ ఫర్వాలేదు, నాలుగు కష్టం. జీవితాంతం గ్లూటెన్ లేని బిస్కెట్లకు మూడింతలు పెట్టాల్సిన పనిలేదు.

వేలకు వేలు తీసుకుని ఒక్క రక్తపు చుక్కతో వంద పదార్థాలకు "పడదు" అని ఎర్ర గీతలు గీసి ఇచ్చే ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) పరీక్షలు కూడా ఇంతే. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం మీరు తింటున్నారని మాత్రమే అర్థం, అమెరికా, యూరప్, కెనడాల అలర్జీ నిపుణుల సంఘాలు మూడూ ఈ పరీక్ష వద్దనే చెప్పాయి. అందులో తరచూ తినేవే ఎర్రగా వస్తాయి, కాబట్టి జనం నమ్మేస్తారు.

వెనక్కి తెచ్చుకోవడం ఎలా

ఫాడ్‌మ్యాప్ డైట్‌లో కఠినమైన భాగం 2 నుంచి 6 వారాలే. ఆ లోపు మార్పు కనపడకపోతే ఆపేయాలి, "ఇంకొంచెం కట్టుదిట్టంగా చేద్దాం" అనకూడదు. మార్పు కనపడినా ఆపేయాలి, అంటే తర్వాతి దశకు వెళ్లాలి. ఎక్కువకాలం అలాగే ఉంటే పేగులో మేలుచేసే బైఫిడోబ్యాక్టీరియా తగ్గిపోతాయి, కాల్షియం, పీచు తగ్గుతాయి, బరువు పడిపోతుంది. పిల్లలు, గర్భిణులు, ఇప్పటికే బక్కచిక్కినవాళ్లు దీన్ని డైటీషియన్ లేకుండా మొదలుపెట్టకపోవడమే మంచిది.

వెనక్కి తెచ్చేటప్పుడు ఒకసారికి ఒక్క రకం చక్కెర, మిగతా తిండి అంతా తక్కువ ఫాడ్‌మ్యాప్‌లోనే. మొదటిరోజు అర కప్పు పాలు, రెండోరోజు కప్పు, మూడోరోజు ఇంకొంచెం. ఇబ్బంది వస్తే అక్కడ ఆపి, రెండు మూడు రోజులు కడుపు కుదుటపడ్డాక తర్వాతిది. గోధుమకు ఒక చపాతీ, తర్వాత రెండు. ఉల్లి, వెల్లుల్లి రెండూ ఫ్రక్టాన్లే అయినా విడివిడిగా చూడాలి, ఒకటి పడి ఇంకోటి పడనివాళ్లు ఉంటారు. పెళ్లిళ్లు, సంక్రాంతి, పరీక్షలు, ప్రయాణాలున్న వారంలో ఇది పెట్టుకుంటే ఏ ఫలితమూ నమ్మడానికి ఉండదు. మరీ భయమున్న పదార్థమైతే, సీలియాక్, అలర్జీ లేవని తేలినవాళ్లు ఇంట్లోవాళ్ల సాయం తీసుకోవచ్చు: ఏ రోజు కూరలో ఉల్లి మెత్తగా రుబ్బి వేశారో, ఏ రోజు వేయలేదో వాళ్లు రాసిపెట్టుకుంటారు, మీరు లక్షణాలు రాస్తారు, చివర్లో రెండూ కలిపి చూస్తారు. రుచి తెలిసిపోతుందంటారా, కారం, మసాలా ఉన్న కూరలో చాలామందికి తెలియదు.

క్రోన్స్, కొలైటిస్ ఉన్నవాళ్లకు వేరే మాట

పైన చెప్పినదంతా ఐబీఎస్‌కు. పేగులో నిజమైన వాపు ఉన్నవాళ్లు దాన్ని యథాతథంగా తీసుకోకూడదు, ఎందుకంటే వీళ్లలో లక్షణాలు తగ్గడం, వాపు తగ్గడం రెండూ వేరు. డైట్ మార్చాక ఉబ్బరం పోయి, మోషన్స్ కుదుటపడి, హాయిగా ఉందని వాపు తగ్గించే మెసలమీన్ మాత్రలు ఆపేస్తారు. లోపల వాపు మాత్రం నిశ్శబ్దంగా సాగుతూనే ఉండొచ్చు. కాబట్టి ఇక్కడ డైట్ పనిచేసిందో లేదో చెప్పాల్సింది కాల్‌ప్రొటెక్టిన్, రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష, కొలనోస్కోపీ.

తిండికి ఇక్కడ బలం లేదని కాదు. పిల్లల్లో క్రోన్స్‌కు 6 నుంచి 8 వారాలు మామూలు తిండి ఆపి పూర్తిగా పోషక ద్రవాలే ఇవ్వడం స్టెరాయిడ్లకు దీటుగా పనిచేస్తుంది, అది డాక్టర్ల చికిత్సలో భాగమే. ధాన్యాలు, చక్కెర పూర్తిగా మానేసే స్పెసిఫిక్ కార్బొహైడ్రేట్ డైట్‌కు ఎన్నో ఏళ్లుగా వీరాభిమానులున్నారు. 2021లో అమెరికాలో క్రోన్స్ ఉన్న 194 మందిలో కొందరికి దాన్ని, మిగతావాళ్లకు కూరగాయలు, పప్పులు, ఆలివ్ నూనె, చేపలతో ఉండే మామూలు మెడిటరేనియన్ తిండిని ఇచ్చి పోల్చితే 6 వారాలకు ఉపశమనం దాదాపు సమానంగా వచ్చింది, 46.5 శాతం, 43.5 శాతం. అంత కఠినమైన పథ్యం సులువైన తిండిని మించి ఇచ్చిందేమీ లేదు.

సిరిధాన్యాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు ఏ జబ్బుకైనా మొదటి సలహా అదే. కొర్రలు, జొన్నలు మంచి తిండే, ఆరోగ్యంగా ఉన్న పేగుకు. క్రోన్స్ వల్ల పేగు ఒకచోట సన్నబడి ఉంటే బరక పీచు అక్కడ ఇరుక్కుని పేగు మూసుకుపోయే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లకు డాక్టర్ తెల్లన్నం, తొక్కతీసిన కూరలు తినమంటే అది పాతకాలపు సలహా కాదు.

మళ్లీ ఐబీఎస్ దగ్గరికే వస్తే, వెనక్కి తెచ్చుకున్నప్పుడు వచ్చిన ఫలితం శాశ్వతం కాదు. పోయిన ఏడాది కందిపప్పు పడలేదంటే ఈ ఏడాదీ పడదని లేదు, తట్టుకునే శక్తి మారుతూ ఉంటుంది, ముఖ్యంగా ఏదైనా ఇన్ఫెక్షన్ తర్వాత మొదలైన ఐబీఎస్‌లో చాలామందికి కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకని నాలుగైదు నెలలకోసారి, కడుపు కుదురుగా ఉన్న వారం చూసి, జాబితాలో మిగిలినవాటిలో ఒకదాన్ని మళ్లీ అర కప్పుతో మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు పప్పుతో మొదలుపెట్టమంటాను, మాంసం తినని ఇళ్లలో అది మానేస్తే ప్రొటీన్‌కు మిగిలే దారులు మరీ తక్కువ.